తరుగు, జమ: కోసిన టీడీఎస్ నేర్పిన పన్ను పాఠం

మన పత్రికలో కథలు, కవితలు, సినిమా కబుర్లు వస్తుంటాయి. ఈసారి పన్నుల మీద వ్యాసం రాస్తానంటే మా ఎడిటర్ నన్ను ఎగాదిగా చూశాడు. "ఇది సాహిత్య పత్రిక రా, ఆడిటర్ ఆఫీసు కాదు" అన్నాడు. రెండు తెలుగు మాటలు తెలిస్తే చాలు, ఈ పాఠం మొత్తం అర్థమవుతుందని చెప్పి ఒప్పించాను. ఆ మాటలు తరుగు, జమ. రెండూ మా నాన్న దగ్గర నేర్చుకున్నవే. నేర్చుకునేలోపు పదిహేను వేలు పోగొట్టుకున్నంత పని చేశాను. ఇంటర్న్‌షిప్‌కి వెళ్లే జూనియర్లకి ఆ అవస్థ రాకూడదనే ఇది రాస్తున్నాను.

రెండున్నర వేలు ఎక్కడికి పోయాయి?

2024 జులై నుంచి డిసెంబరు దాకా హైదరాబాదులో ఒక చిన్న కంపెనీలో ఇంటర్న్‌షిప్ చేశాను. స్టైపెండ్ నెలకి 25,000. మొదటి నెల మెసేజ్ వచ్చిన రోజు హాస్టల్ మెట్ల మీదే నిలబడి చూసుకున్నాను. పడింది 22,500. అకౌంట్స్ చూసే ఆయన్ని అడిగితే "టీడీఎస్ కట్ అయింది బాబూ, పది శాతం. అందరికీ అంతే" అన్నాడు. ఆరు నెలలు అలాగే కట్ అయింది. మొత్తం 15,000.

చెల్లికి ఇంటర్ రెండో సంవత్సరం ఫీజులో పదిహేను వేలు నేనిస్తానని ఇంట్లో గొప్పగా చెప్పి ఉన్నాను. హైదరాబాదులో రూమ్ అద్దె, మెస్ పోగా మిగిలేది లెక్కేసుకుంటే సరిగ్గా ఆ పదిహేను వేలే తక్కువ పడుతున్నాయి. సంక్రాంతికి ఇంటికెళ్లినప్పుడు నాన్నకి చెప్పక తప్పలేదు.

మా నాన్న గుంటూరు మిర్చి యార్డు దగ్గర ఒక కమీషన్ కొట్లో గుమస్తా. ఇరవై ఏళ్లుగా ఖాతా పుస్తకాలు రాస్తున్నాడు.

"గవర్నమెంటు పదిహేను వేలు కోసేసింది నాన్నా" అన్నాను.

ఆయన కోప్పడలేదు. కళ్లజోడు తీసి తుడుచుకుంటూ ఒక్క ప్రశ్న అడిగాడు. "అది తరుగు కింద కోశారా, నీ పేరు మీద జమ కట్టారా?"

నాకు అర్థం కాలేదు. "డబ్బు తగ్గింది కదా, ఏదైతే ఏంటి?" అన్నాను.

"అదే తేడా. తరుగు తిరిగి రాదు. జమ నీ ఖాతాలో ఉంటది. నువ్వు అడిగితే లెక్క చెప్పాల్సిందే" అన్నాడు.

ఆ రాత్రి కొట్టు లెక్కలతోనే ఆయన నాకు పాఠం చెప్పాడు. తర్వాత నేను చదువుకున్న ఆదాయపన్ను చట్టం అంతా ఆ పాఠానికి వివరణలాగే అనిపించింది.

తరుగు వేరు, జమ వేరు

రైతు యార్డుకి మిర్చి టిక్కీలు తెస్తాడు. కాటా వేశాక గోతం బరువుకి కొంత తరుగు తీస్తారు. మిగిలిన బరువుని ధరతో హెచ్చవేస్తారు. అంటే తరుగు లెక్కకి ముందే పడుతుంది. అరక్వింటా తరుగు తీస్తే దాని విలువ ఎంత? క్వింటా ధర పదివేలైతే అయిదు వేలు, ఇరవై వేలైతే పది వేలు. తరుగు అదే, విలువ మాత్రం ధరని బట్టి మారుతుంది.

జమ అలా కాదు. రైతు కొట్లో యాభై వేలు అప్పు తీసుకున్నాడనుకుందాం. పది వేలు తెచ్చి కడితే ఖాతాలో పది వేలు జమ రాస్తారు. బాకీ సరిగ్గా పది వేలు తగ్గుతుంది. మిర్చి ధర పెరిగినా తగ్గినా ఆ జమ మారదు.

పన్నుల్లోనూ ఇంతే. ఆదాయం నుంచి ముందే తీసేసేది తరుగు. దీన్నే డిడక్షన్ అంటారు. జీతం తీసుకునేవాళ్లకి కొత్త పద్ధతిలో వచ్చే 75,000 స్టాండర్డ్ డిడక్షన్ అలాంటిదే. పాత పద్ధతిలో 80సి కింద చూపించే లక్షన్నర కూడా అంతే. లెక్క అంతా అయ్యాక, తేలిన పన్నులోంచి తీసేసేది జమ. అదే ట్యాక్స్ క్రెడిట్. యార్డులో తరుగు రైతుకి నష్టం, పన్ను లెక్కలో తరుగు కట్టేవాడికి లాభం. ఆ ఒక్క తేడా గుర్తుపెట్టుకుంటే చాలు.

మనం ఇంజనీర్లం కాబట్టి ఒక సమీకరణం రాసుకుందాం. స్లాబుల ప్రకారం పన్ను లెక్కగట్టే ప్రక్రియని ఒక బ్లాక్ అనుకోండి. డిడక్షన్ ఆ బ్లాక్ ఇన్‌పుట్ దగ్గర తీసివేత. క్రెడిట్ అవుట్‌పుట్ దగ్గర తీసివేత.

కట్టాల్సిన పన్ను = స్లాబు లెక్క (ఆదాయం − తరుగు) − జమ

ఒక పదివేల రూపాయలు తీసుకుని చూద్దాం. సెస్సు పక్కన పెడదాం. పదివేల డిడక్షన్ వస్తే అయిదు శాతం స్లాబులో ఉన్నవాడికి మిగిలేది 500. ఇరవై శాతం స్లాబులో ఉన్నవాడికి 2,000. ముప్ఫై శాతం వాడికి 3,000. అంటే డిడక్షన్ వల్ల ఎక్కువ సంపాదించేవాడికే ఎక్కువ మేలు. అదే పదివేల క్రెడిట్ వస్తే, పదివేలు లేదా అంతకన్నా ఎక్కువ పన్ను పడే ప్రతి ఒక్కరికీ సరిగ్గా పదివేలు తగ్గుతుంది. "పదివేలు ట్యాక్స్ బెనిఫిట్" అని ఎవరైనా పాలసీ అమ్మడానికి వస్తే ముందు అడగాల్సింది ఇదే: తరుగా, జమా?

జమల్లో మూడు రకాలు

మొదటిది, మనం ముందే కట్టేసిన డబ్బు. టీడీఎస్ ఈ రకం. కంపెనీ మన డబ్బులో కొంత కోసి, మన ప్యాన్ నంబరు మీద ప్రభుత్వానికి కడుతుంది. అది పన్ను కాదు, పన్నుకి అడ్వాన్సు. ఏడాది చివర అసలు పన్ను ఎంతో తేలాక ఈ అడ్వాన్సుని అందులోంచి తీసేస్తారు. అడ్వాన్సు ఎక్కువైతే మిగతాది వెనక్కి ఇస్తారు. అదే రీఫండ్. అది ప్రభుత్వం ఇచ్చే బహుమానం కాదు, మన సొమ్మే.

వ్యాపారుల జీఎస్టీలో వినపడే ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ కూడా ఈ కోవలోదే. 18 శాతం జీఎస్టీ ఉన్న సరుకుని వెయ్యికి కొన్న వ్యాపారి 180 పన్ను కట్టి ఉంటాడు. దాన్ని పదిహేను వందలకి అమ్మితే 270 వసూలు చేస్తాడు. ప్రభుత్వానికి కట్టేది 270 కాదు, ముందు కట్టిన 180 జమ పోగా 90.

రెండోది, చట్టం ఇచ్చే మినహాయింపు. మన దేశంలో సెక్షన్ 87ఏ రిబేటు దీనికి మంచి ఉదాహరణ. ఆదాయం ఒక పరిమితి లోపల ఉన్న రెసిడెంట్ వ్యక్తులకి తేలిన పన్నులోంచి ఈ రిబేటు తీసేస్తారు. కానీ ఇది సున్నా దగ్గర ఆగిపోతుంది. పన్ను 8,000 తేలి, రిబేటు 25,000 దాకా ఉందంటే మిగతా 17,000 మన చేతికి రాదు. బాకీ లేని ఖాతాలో ఈ జమ రాయరు.

మూడోది, పన్ను సున్నా అయినా చేతికి డబ్బు వచ్చే క్రెడిట్. ఇది అమెరికాలో ఎక్కువగా కనిపిస్తుంది. అక్కడ 1975లో మొదలైన ఈఐటీసీ అనే క్రెడిట్ తక్కువ సంపాదన ఉన్న కార్మికుల కోసం పెట్టింది. పన్ను లేకపోయినా డబ్బు వస్తుంది. పిల్లలున్నవాళ్లకి చైల్డ్ ట్యాక్స్ క్రెడిట్ ఉంది. 2024 సంవత్సరానికి పదిహేడేళ్ల లోపు ఒక్కో బిడ్డకి 2,000 డాలర్ల దాకా పన్ను తగ్గింది. ఆ మొత్తానికి సరిపడా పన్ను లేనివాళ్లకి, కొన్ని షరతుల మీద, అందులో 1,700 దాకా చేతికే వచ్చింది. డాలస్‌లో ఉండే మా పెదనాన్న కూతురు "పాప పుట్టాక ట్యాక్స్ తగ్గింది రా" అంటే ఏదో మాటవరసకి అంటోందనుకునేవాణ్ణి. అది లెక్కే అని ఇప్పుడు తెలిసింది.

పన్నెండు లక్షల గీత

ప్లేస్‌మెంట్ సీజన్‌లో మా హాస్టల్‌లో పెద్ద చర్చ జరిగింది. "పన్నెండు లక్షల దాకా ట్యాక్స్ లేదంట, మరి స్లాబుల్లో నాలుగు లక్షలు దాటగానే అయిదు శాతం అని రాసుందేంటి?" అని. తరుగు, జమ తెలిస్తే ఈ చిక్కు వెంటనే విడిపోతుంది.

2025-26 ఆర్థిక సంవత్సరానికి కొత్త పద్ధతిలో నాలుగు లక్షల దాకా పన్ను లేదు. నాలుగు నుంచి ఎనిమిది దాకా 5 శాతం, ఎనిమిది నుంచి పన్నెండు దాకా 10 శాతం, ఆపైన ఇంకా పెరుగుతుంది. జీతం 12,75,000 అనుకుందాం. స్టాండర్డ్ డిడక్షన్ 75,000 తరుగు తీస్తే 12,00,000. దాని మీద స్లాబు లెక్క: మొదటి నాలుగు లక్షలకి సున్నా, తర్వాతి నాలుగు లక్షలకి 20,000, ఆపై నాలుగు లక్షలకి 40,000. మొత్తం 60,000. ఇప్పుడు 87ఏ రిబేటు 60,000 జమ. బాకీ సున్నా. అంటే పన్ను పడలేదని కాదు, పడ్డ పన్ను జమతో చెల్లిపోయింది.

మరి ఆదాయం గీత దాటితే? జీతం 12,85,000 అయితే తరుగు పోగా 12,10,000. పన్ను 61,500. రిబేటు పరిమితి దాటింది కాబట్టి ఆ 60,000 జమ రాదు. పదివేలు ఎక్కువ సంపాదించినందుకు అరవై వేలు పోతాయా? అలా జరక్కుండా మార్జినల్ రిలీఫ్ అని పెట్టారు. గీత దాటిన మొత్తం ఎంతో, పన్ను అంతకు మించకూడదు. ఇక్కడ దాటింది 10,000 కాబట్టి పన్ను 10,000, దాని మీద 4 శాతం సెస్సు కలిపి 10,400.

రెండు జాగ్రత్తలు. ఆఫర్ లెటర్లో రాసే సీటీసీ అంతా జీతం కాదు, అందులో కంపెనీ కట్టే పీఎఫ్ లాంటివి కూడా కలిసి ఉంటాయి. రెండోది, షేర్లు అమ్మితే వచ్చే లాభం లాంటి ప్రత్యేక రేటు ఆదాయం మీద పడే పన్నుకి ఈ కొత్త పద్ధతి రిబేటు రాదు. హాస్టల్ గదిలో కూర్చుని ట్రేడింగ్ చేసే మిత్రులు ఇది గమనించాలి.

నా జమ సగం తప్పిపోయింది

మళ్లీ నా కథకి వద్దాం. నా ఆదాయం 2024-25లో మొత్తం 1,50,000. ఆ ఏడాది కొత్త పద్ధతిలో మూడు లక్షల దాకా పన్ను లేదు. కాబట్టి పన్ను సున్నా, జమ 15,000. పదిహేను వేలూ వెనక్కి రావాలి. ఇంత తేలికా అనుకున్నాను.

జూన్‌లో ఈ-ఫైలింగ్ పోర్టల్‌లో నా ఫారం 26ఏఎస్ తెరిచాను. ఇది మన ప్యాన్ మీద ఎవరెవరు ఎంత జమ కట్టారో చూపించే ఖాతా పుస్తకం. అందులో ఉన్నది 7,500 మాత్రమే! జులై నుంచి సెప్టెంబరు దాకా కోసింది ఉంది, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కోసింది లేదు.

నాన్నకి ఫోన్ చేశాను. "కొట్లో కూడా ఇలాగే అవుతది. ఒకే పేరున్న ఇద్దరు రైతులుంటే ఒకడి జమ ఇంకొకడి పేజీలో పడుద్ది. రసీదు దగ్గరుంటే సరిదిద్దుకోవచ్చు. నీ దగ్గర రసీదులున్నాయా?" అన్నాడు.

పే స్లిప్పులు ఉన్నాయి. బ్యాంకు స్టేట్‌మెంట్ ఉంది. రెండూ జతచేసి కంపెనీకి మెయిల్ పెట్టాను. వారం దాకా జవాబు లేదు. మళ్లీ పెట్టాను. మూడోసారి ఫోన్ చేస్తే అసలు సంగతి తెలిసింది. ఆ మూడు నెలల టీడీఎస్ రిటర్నులో నా పేరు పక్కన వేరే ఇంటర్న్ ప్యాన్ నంబరు పడింది. ఎక్సెల్ షీట్లో ఒక వరస కిందకి జారిందంతే. వాళ్లు సవరణ స్టేట్‌మెంట్ వేశాక కొన్నాళ్లకి నా 26ఏఎస్‌లో రెండో 7,500 కూడా కనపడింది.

ఆగస్టులో రిటర్ను వేశాను. సెప్టెంబరులో ఖాతాలో 15,450 పడ్డాయి. ఆ 450 ఏంటా అని చూస్తే వడ్డీ. గడువు లోపల రిటర్ను వేస్తే టీడీఎస్ రీఫండు మీద ఏప్రిల్ నుంచి నెలకి అరశాతం వడ్డీ ఇస్తారు. ఆరు నెలలకి మూడు శాతం. ఆ వడ్డీని మాత్రం అది అందిన ఏడాది ఆదాయంలో చూపించుకోవాలి. చెల్లి ఫీజు అప్పటికే నాన్న సర్దేశాడు. ఆ డబ్బు ఆయనకి పంపితే "జమ రాసుకున్నాను" అని మెసేజ్ పెట్టాడు.

అందరి కథా ఇలా ముగియలేదు. నా పక్క గది మిత్రుడు ఇంటర్న్‌షిప్‌లో చేరేటప్పటికి ప్యాన్ తీసుకోలేదు. ప్యాన్ ఇవ్వకపోతే పది శాతం బదులు ఇరవై శాతం కోస్తారు. నెలకి 20,000 చొప్పున ఆరు నెలలకి వాడికి పోయింది 24,000. అసలు బాధ రేటు ఎక్కువ కావడం కాదు. ప్యాన్ లేనప్పుడు ఆ జమ రాయడానికి ఖాతానే లేదు! తర్వాత ప్యాన్ తీసుకుని, సవరణ వేయమని ఆ కంపెనీ చుట్టూ ఇంకా తిరుగుతున్నాడు.

ఒక సీనియర్ అన్నయ్యది ఇంకో రకం. "నాకు ట్యాక్సే లేదు, రిటర్ను ఎందుకు వేయాలి?" అని ఊరుకున్నాడు. తొమ్మిది వేలు పోయాయి. గడువు దాటాక ఆలస్యాన్ని మన్నించమని విడిగా అర్జీ పెట్టుకునే దారి ఉంది గానీ, అది అంత తేలిక కాదు. పన్ను లేనివాడికే రిటర్నుతో ఎక్కువ అవసరం, ఎందుకంటే కోసిందంతా వాడిదే.

చేయాల్సిన పనులు

చేరే ముందే ప్యాన్ తీసుకోండి, ఆధార్‌తో లింక్ చేయండి. స్టైపెండుని జీతం కింద చూపిస్తున్నారా, ప్రొఫెషనల్ ఫీజు కింద చూపిస్తున్నారా అని మొదటి నెలలోనే అడగండి. నాకు పది శాతం కోసింది రెండో రకం కాబట్టే, సెక్షన్ 194జె కింద. 2025 ఏప్రిల్ నుంచి ప్రొఫెషనల్ ఫీజు ఏడాదికి 50,000 దాటితేనే ఈ కోత. ఏ ఐటీఆర్ ఫారం వేయాలన్నది కూడా దీన్ని బట్టే ఉంటుంది. జీతమైతే సాధారణంగా ఐటీఆర్-1, ఫీజు అయితే ఐటీఆర్-3 లేదా 4.

మూడు నెలలకోసారి మీ ప్యాన్ మీద పడిన జమలు చూసుకోండి. తప్పుంటే కంపెనీలో మనం తెలిసినవాళ్లు ఉన్నప్పుడే సరిచేయించుకోవడం సులువు. పే స్లిప్పులు, టీడీఎస్ సర్టిఫికెట్ దాచుకోండి. పోర్టల్‌లో బ్యాంకు ఖాతా వాలిడేట్ చేయండి, లేకపోతే రీఫండ్ రాదు. రిటర్ను వేశాక ముప్ఫై రోజుల్లో ఆధార్ ఓటీపీతో వెరిఫై చేయండి. వెరిఫై చేయని రిటర్ను వేయనట్టే లెక్క.

"కమీషన్ ఇస్తే ఇంకా ఎక్కువ రీఫండ్ తెప్పిస్తాం" అనే ఏజెంట్ల జోలికి పోకండి. వాళ్లు చేసేది లేని తరుగులు రాయడం. పట్టుబడితే తప్పుడు వివరాలకి ఎగ్గొట్టిన పన్ను మీద 200 శాతం దాకా పెనాల్టీ ఉంది. అది కట్టాల్సింది ఏజెంటు కాదు, మనం.

2026 ఏప్రిల్ 1 నుంచి 1961 చట్టం స్థానంలో ఆదాయపన్ను చట్టం 2025 వర్తిస్తుంది. అందులో సెక్షన్ నంబర్లు వేరు. 80సి, 87ఏ, 194జె అని నేను రాసినవి 1961 చట్టంలోని నంబర్లు. తరుగు, జమల సూత్రం మాత్రం అదే.

ఎంఎస్‌కి వెళ్లేవాళ్లకి ఒక మాట

అమెరికాలో యూనివర్సిటీ నుంచి 1098-టి అనే కాగితం వస్తుంది. అది చూసి "ఎడ్యుకేషన్ క్రెడిట్ 2,500 డాలర్లు క్లెయిమ్ చేసేయ్ మామా" అనే సలహాలు కూడా వస్తాయి. ఆ క్రెడిట్ డిగ్రీ స్థాయి మొదటి నాలుగేళ్ల చదువుకి. పైగా ఎఫ్-1 విద్యార్థులు సాధారణంగా మొదటి అయిదు క్యాలెండరు సంవత్సరాలు పన్ను లెక్కలో నాన్ రెసిడెంట్లు. వేయాల్సింది 1040-ఎన్ఆర్. వాళ్లకి మామూలుగా ఈ క్రెడిట్ రాదు. అయితే భారత్, అమెరికా పన్ను ఒప్పందం వల్ల మన విద్యార్థులకి అక్కడి స్టాండర్డ్ డిడక్షన్ దొరుకుతుంది. అంటే మనకి అక్కడ ఉన్నది తరుగు, జమ కాదు. రాని జమ రాసుకుంటే తర్వాత వడ్డీతో తిరిగి కట్టాలి.

పన్ను కట్టడం గురించి మనకి భయమో, చిరాకో ఉంటుంది. నాన్నకి ఆ రెండూ లేవు. ఆయనకి అది ఇంకో ఖాతా, అంతే. ఈసారి ఎవరైనా మీ స్టైపెండులో కోత పెడితే "ఎందుకు కోశారు" అని అడిగి ఊరుకోకండి. "ఎవరి పేరు మీద జమ కట్టారు" అని కూడా అడగండి. తర్వాత వెళ్లి మీ పేజీ తెరిచి చూసుకోండి.